కాలిఫోర్నియాలో ఇంటి సంరక్షణ సాయం: శాతాలు అడగరు, నిమిషాలు లెక్కపెడతారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బాబుకు ఏడేళ్లు, ఇక్కడే పుట్టాడు. ఆటిజం అని మూడేళ్ల వయసులో తేలింది. పది పన్నెండు మాటలకు మించి రావు. ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు. మీరు హెచ్‌1బీ మీద, మీ ఆవిడ హెచ్‌4 మీద ఉన్నారు. ఐహెచ్‌ఎస్‌ఎస్ అని ఒక పథకం ఉందని, ఇంట్లో పిల్లవాణ్ని చూసుకున్నందుకు గంటల లెక్కన ప్రభుత్వం డబ్బిస్తుందని ఎవరో చెప్పారు. దానికి అర్హమైన వైకల్యాల జాబితా ఎక్కడ దొరుకుతుంది, అందులో ఆటిజం ఉందా, ఎంత శాతం ఉండాలి అని అడిగారు. గ్రీన్‌కార్డు మీద మీ దగ్గరే ఉంటున్న అమ్మగారికి పక్షవాతం వచ్చింది కాబట్టి ఆవిడ సంగతి కూడా అడిగారు.

‘ఎంత శాతం’ అన్న మాట చూసి నవ్వుకున్నాను. తొమ్మిదేళ్ల కిందట మా అబ్బాయి కోసం ఫోను చేసినప్పుడు నేనూ అచ్చం అదే అడిగాను. మనకు తెలిసింది సదరం సర్టిఫికెట్. డాక్టర్ల బోర్డు చూసి శాతం వేస్తుంది, నలభై దాటితే పింఛనుకు దారి పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు. అక్కడ శాతమే తలరాత. ఆ అలవాటుతో ఇక్కడి కార్యాలయానికి వెళ్తే అటు వారికీ అర్థం కాదు, ఇటు మనకూ అర్థం కాదు.

ఇక్కడ వైకల్యాల జాబితా లేదు. మీరు ఎంత వెతికినా దొరకకపోవడానికి కారణం అదే. ఐహెచ్‌ఎస్‌ఎస్, అంటే ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్, మూడు రకాల వారికి వర్తిస్తుంది: 65 ఏళ్లు దాటినవారు, చూపు లేనివారు, వైకల్యం ఉన్నవారు. మూడో మాటలో పిల్లలూ వస్తారు, పెద్దలూ వస్తారు. ఆ పరిస్థితి కనీసం ఏడాది ఉండేది అయి ఉండాలి. కాలు విరిగి మూడు నెలల్లో అతుక్కునేది లెక్కలోకి రాదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు వ్యాధి, స్కిజోఫ్రీనియా, డయాలిసిస్ మీద ఉన్న కిడ్నీ జబ్బు... వీటిలో ఏది ఉన్నా దరఖాస్తు చేయవచ్చు. అయితే జబ్బు పేరు తలుపు తట్టడానికే పనికొస్తుంది. ఇచ్చే గంటలు మాత్రం ఆ మనిషి తన ఇంట్లో క్షేమంగా ఉండాలంటే ఇంకొకరి చేయి ఏ పనికి, ఎన్ని నిమిషాలు కావాలన్న లెక్క మీద వస్తాయి. ఒకే ఆటిజం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి నెలకు 30 గంటలు, ఇంకొకరికి 283 గంటలు రావడం నేను చూశాను. 283 పైన ఎవరికీ ఇవ్వరు.

అయితే దీనికి ముందు ఒక గుమ్మం ఉంది, మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఐహెచ్‌ఎస్‌ఎస్ మెడి-కాల్‌లో భాగం. మెడి-కాల్ అంటే తక్కువ ఆదాయం వారికి రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా. అది లేకపోతే ఇది లేదు. మీ జీతానికి మెడి-కాల్ ఎక్కడొస్తుంది అని మీరు అనుకుంటారు, కౌంటీ (ఇక్కడి జిల్లా) కార్యాలయంలో ఫోను ఎత్తిన మనిషి కూడా అదే అని పెట్టేస్తారు. అక్కడితో వదిలేయకండి. పిల్లవాడి విషయంలో తల్లిదండ్రుల ఆదాయాన్ని పక్కన పెట్టే దారి ఒకటుంది.

ఆ దారి ఎలా పుట్టిందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే పాపకు పసితనంలోనే మెదడువాపు వచ్చింది. మూడేళ్లు వచ్చేదాకా ఆసుపత్రిలోనే పెరిగింది. ఆసుపత్రిలో ఉంటే ప్రభుత్వం ఖర్చు భరిస్తుంది, ఇంటికి తీసుకెళ్తే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి సాయం ఆగిపోతుంది. 1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ పత్రికల వారి ముందు ఈ పాప సంగతి ఎత్తారు. ఆసుపత్రిలో నెలకు ఆరు వేల డాలర్లు అవుతుంటే, ఇంట్లో వెయ్యితో పోయేదానికి నిబంధన అడ్డుపడుతోందని చెప్పారు. ఆ తర్వాత, సంస్థలో ఉంచాల్సినంత అవసరం ఉన్న పిల్లలకు ఇంట్లో ఉన్నా పిల్లల ఆదాయమే చూసే వెసులుబాట్లు వచ్చాయి. కాలిఫోర్నియాలో మనలాంటి వారికి ఆ పని చేసేది అభివృద్ధి వైకల్యాల వేవర్, అంటే ఎదుగుదలలో వచ్చే వైకల్యాలున్నవారికి మామూలు నిబంధన నుంచి ఇచ్చే మినహాయింపు. దాని తాళం రీజినల్ సెంటర్ చేతిలో ఉంటుంది.

జాబితా కావాలన్నారు కదా, జాబితా ఉన్నది ఇక్కడ. 1969 నాటి ల్యాంటర్‌మన్ చట్టం కింద రాష్ట్రంలో 21 రీజినల్ సెంటర్లు ఉన్నాయి. అవి ఐదు రకాల వారిని తీసుకుంటాయి: మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, ఆటిజం, ఇంకా మేధో వైకల్యాన్ని పోలి అదే రకం సాయం అవసరమయ్యే పరిస్థితులు. 18 ఏళ్లలోపు మొదలై ఉండాలి, జీవితాంతం ఉండేదై ఉండాలి, రోజువారీ జీవితంలో గట్టిగా అడ్డుపడుతూ ఉండాలి. ఫ్రీమాంట్ ఈస్ట్ బే రీజినల్ సెంటర్ పరిధిలోకి వస్తుంది. మొదటి ఫోను అక్కడికి చేయండి. వారు బాబును తీసుకున్నాక, మీ కేసు చూసే సర్వీస్ కోఆర్డినేటర్‌ను వేవర్ గురించి, ‘ఇన్‌స్టిట్యూషనల్ డీమింగ్’ (పిల్లవాడు సంస్థలో ఉన్నట్టే లెక్కవేసి అతని ఆదాయమే చూడటం) గురించి ఆ పేర్లతోనే అడగండి. మీరు అడగకపోతే వారంతట వారు చెప్పకపోవచ్చు. వేవర్‌లో ఉండాలంటే రీజినల్ సెంటర్ ద్వారా ఏదో ఒక సేవ వాడుతూ ఉండాలి. చాలామంది రెస్పైట్ తీసుకుంటారు, అంటే తల్లిదండ్రులు కాస్త ఊపిరి తీసుకోవడానికి నెలకు కొన్ని గంటలు ఇంకొకరు వచ్చి పిల్లవాణ్ని చూసుకోవడం. మెడి-కాల్ వచ్చాక కౌంటీకి ఐహెచ్‌ఎస్‌ఎస్ దరఖాస్తు పెట్టండి. మంజూరైన సేవలు దరఖాస్తు తేదీ నుంచి లెక్కకు వస్తాయి కాబట్టి ఆ తేదీని కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరు సంతకం చేయాల్సిన ఎస్‌ఓసీ 873 పత్రం 45 రోజుల్లో చేరాలి. పిల్లల డాక్టరు దగ్గర అది బల్ల సొరుగులో నిద్రపోతుంది. వారం వారం అడుగుతూ ఉండండి.

ఇక అసలు విషయం, కౌంటీ సోషల్ వర్కర్ ఇంటికి వచ్చే రోజు.

ఆ రోజు మనవాళ్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. ముందు రోజే ఇల్లు అద్దంలా తుడిచాను. వాడికి తలంటి, కొత్త చొక్కా తొడిగి, ఐప్యాడ్ ఇచ్చి సోఫాలో కూర్చోబెట్టాను. ఆవిడ రాగానే కాఫీ ఇచ్చాను. ‘బాబు తనే తింటాడా?’ అని అడిగితే ‘ఆ, తింటాడండీ’ అన్నాను. ‘స్నానం?’ ‘చేస్తాడు.’ ‘బట్టలు?’ ‘వేసుకుంటాడు.’ పిల్లవాడి గురించి బయటివారి ముందు తక్కువ చేసి మాట్లాడటానికి నోరు రాదు. దిష్టి అనండి, పరువనండి, తల్లి మనసు అనండి. ఆవిడ తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాసుకుంది. నెల తర్వాత వచ్చిన ఉత్తరంలో నెలకు 21 గంటలని ఉంది.

ఆవిడ రాసుకునే కాగితంలో ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే తనంతట తానే చేస్తాడు. రెండు అంటే చేయగలడు, కానీ పక్కనుండి చెప్పాలి, గుర్తు చేయాలి. మూడు అంటే కొంత చేయి వేయాలి. నాలుగు అంటే చాలావరకు మనమే చేయాలి. ఐదు అంటే పూర్తిగా మనమే. ఆరు పారామెడికల్ పనులకు, అంటే పొట్టకు వేసిన గొట్టం ద్వారా ఆహారం పెట్టడం, ఇన్సులిన్ ఇవ్వడం వంటివి. వాటికి డాక్టరు ఎస్‌ఓసీ 321 అనే వేరే పత్రం మీద సంతకం చేయాలి. ‘స్నానం చేస్తాడు’ అన్న నా మాటకు ఒకటి పడింది. నిజానికి మా ఇంట్లో జరిగేది ఏమిటి? నీళ్ల వేడి నేను చూడాలి. సబ్బు చేతిలో పెట్టి, వీపు రుద్దుకోమని మూడుసార్లు చెప్పి, చివరికి నేనే రుద్దాలి. షాంపూ తాగకుండా సీసా పట్టుకుని నిలబడాలి. తుడిచేటప్పుడు తప్పించుకుని తడి కాళ్లతో పరిగెత్తితే వెంటపడాలి. దాన్ని నాలుగు అంటారు. నేను అబద్ధం చెప్పి గంటలు పోగొట్టుకున్నాను. అది మంచిగా చెప్పే అబద్ధం కావడం వల్ల అబద్ధంలా అనిపించలేదు, అంతే.

పిల్లల విషయంలో ఇంకొకటి చూస్తారు. అదే వయసు మామూలు పిల్లవాడికి కూడా తల్లి చేసే పనిని లెక్కలోకి తీసుకోరు. మూడేళ్ల పిల్లవాడికి స్నానం చేయించడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ఏడేళ్ల వాడికి డైపరు మార్చడం అలా కాదు. కాబట్టి ప్రతి జవాబులోనూ మీ పక్కింటి ఏడేళ్ల వాడిని మనసులో పెట్టుకుని, ఆ తేడా ఎంతో చెప్పండి. ఇల్లు ఊడవడం వంటి శుభ్రం పనులు పిల్లల పేరు మీద రావు.

మీ బాబుకు గంటల్లో పెద్ద వాటా వచ్చేది, వస్తే, ప్రొటెక్టివ్ సూపర్విజన్ కింద. మన మాటల్లో కనిపెట్టుకుని ఉండటం. తన పనివల్ల తనకే ప్రమాదం జరుగుతుందని గ్రహించలేని మనిషిని రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే ఇది ఇస్తారు. పరిస్థితిని బట్టి నెలకు 195 గంటలు మొదలుకుని 283 దాకా వెళ్తుంది. డాక్టరు ఎస్‌ఓసీ 821 పత్రంలో మూడు విషయాలు రాయాలి: జ్ఞాపకశక్తి, తానెక్కడున్నాడో తెలియడం, మంచిచెడ్డల విచక్షణ. పిల్లవాడి వయసు చిన్నదన్న ఒక్క కారణంతో దీన్ని తిరస్కరించకూడదు. అదే వయసు పిల్లవాడికంటే ఎక్కువ కాపలా కావాలని చూపించగలగాలి.

దీని హద్దులు కచ్చితంగా తెలుసుకోండి, ఎందుకంటే ఎక్కువ దరఖాస్తులు పడిపోయేది ఇక్కడే. ఎదుటివారిని కొట్టే కోపానికి ఇది ఇవ్వరు. ఫిట్స్ ఎప్పుడొస్తాయో అని పక్కన కూర్చోవడానికి కూడా ఇవ్వరు, అది వైద్య అత్యవసరం కిందకు పోతుంది. తెలిసే తనకు తాను హాని చేసుకునే వారికీ ఇది కాదు. మంచం మీద నుంచి కదలలేని మనిషికీ రాదు, ప్రమాదంలోకి నడిచి వెళ్లే శక్తి ఉండాలి కాబట్టి. అందుకే ‘మావాడు మహా మొండి, కోపం వస్తే కొడతాడు’ అన్న ఒక్క మాటతో వదిలేయకండి. తలను గోడకు బాదుకుంటాడా? నొప్పి వస్తుందన్న సంగతి తెలియకుండానే చేస్తాడా? కార్లు వస్తున్నా చూడకుండా రోడ్డు మీదకు పోతాడా? అవి జరుగుతుంటే జరిగినట్టు చెప్పండి. జరగనివి చేర్చకండి. బడి నుంచి, థెరపిస్టుల నుంచి వచ్చిన కాగితాలతో పోల్చి చూస్తారు.

మీ నోటి మాటకంటే డైరీ గట్టిది. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. పెద్ద వ్యాసాలు అక్కర్లేదు. ‘మంగళవారం సాయంత్రం 5.40. స్టవ్ ఎర్రగా కాలుతుండగా చేయి పెట్టబోయాడు. పట్టుకున్నాను.’ ‘బుధవారం 7.15. ముందు తలుపు గొళ్లెం తీసుకుని పార్కింగ్‌లోకి వెళ్లాడు. చెప్పుల్లేవు.’ ఇలా నెల రోజులు. నేను మొదటి ఉత్తరం వచ్చాక అప్పీలుకు వెళ్లినప్పుడు విచారణ చేసిన న్యాయాధికారి నా వాదన పెద్దగా వినలేదు, ఆ నోటు పుస్తకం మాత్రం పేజీ పేజీ తిప్పారు. 195 గంటలు వచ్చాయి. అప్పీలుకు ఉత్తరం వచ్చిన నాటి నుంచి 90 రోజుల గడువు ఉంటుంది. ఉన్న గంటలు తగ్గిస్తామని ఉత్తరం వస్తే, ఆ తగ్గింపు అమల్లోకి వచ్చే తేదీకి ముందే అప్పీలు పెట్టండి. తీర్పు వచ్చేదాకా పాత గంటలే నడుస్తాయి. ఏటా మళ్లీ వచ్చి చూస్తారు కాబట్టి డైరీ ఒక్కసారితో అయిపోయేది కాదు.

ఇప్పుడు డబ్బు ఎవరికి అన్న మాట. ఇక్కడ మీకు కాస్త చేదు కబురు. సేవ బాబుది, జీతం చూసుకునేవారిది. తల్లి గానీ తండ్రి గానీ ఆ పని చేసి జీతం తీసుకోవచ్చు. మైనరు పిల్లల తల్లిదండ్రులకు ఉద్యోగం మానాలన్న షరతు ఉండేది, 2023లో ఆ నిబంధనను సడలించారు. పాత వ్యాసాలు చదివి బెదరకండి. కానీ ఇది ఉద్యోగమే. వేలిముద్రలు, ఓరియెంటేషన్, పని చేసే హక్కు ఉందన్న రుజువు, అన్నీ కావాలి. హెచ్‌1బీ మీద మీరు మీ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. హెచ్‌4 మీద ఈఏడీ, అంటే పని చేయడానికి అనుమతి కార్డు, లేకపోతే మీ ఆవిడా చేయకూడదు. గ్రీన్‌కార్డు కోసం మీ కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది ఉంటే ఆవిడ ఈఏడీకి దరఖాస్తు చేయవచ్చు, ఆ కార్డు వచ్చాక ఆవిడే చూసుకోవచ్చు. అంతవరకు బయటి మనిషిని పెట్టుకోవచ్చు. కౌంటీలో పబ్లిక్ అథారిటీ అనే సంస్థ దగ్గర పనివారి పేర్ల పట్టిక ఉంటుంది. మన భాష తెలిసిన ఆవిడ దొరికితే బాబుకు మంచిది. ఎవరో తెలిసినవారి పేరు మీద పెట్టి మీరే చూసుకుందామన్న సలహా మీకు తప్పకుండా వస్తుంది, మన పార్టీల్లో నేను విన్నాను. అది మోసం కింద వస్తుంది, వీసా మీద ఉన్న మీకు అసలే వద్దు. బాబు ఇక్కడి పౌరుడు, సాయం అతనిది. అయినా మీ గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తుంటే ముందుగా ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుతో గంటసేపు మాట్లాడండి. ఆ ఖర్చు దండగ కాదు.

ఎవరు చేసినా గంటకు ఎంత అన్నది కౌంటీని బట్టి మారుతుంది. ఒక్కరినే చూసుకునేవారు వారానికి 70 గంటల 45 నిమిషాలు మించకూడదు, అది 283ను నాలుగుతో భాగించగా వచ్చిన లెక్క. 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు. చూసుకునేవారు అదే ఇంట్లో ఉంటే ఆ జీతానికి ఆదాయపు పన్ను ఉండదు. ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2014లో ఇచ్చిన వివరణ అది. ఎస్‌ఓసీ 2298 పత్రం ఇస్తే పన్ను పట్టుకోవడం ఆపుతారు. చాలామంది ఏళ్ల తరబడి ఇవ్వకుండా కట్టేస్తుంటారు.

అమ్మగారి సంగతి వేరే దారి. ఆవిడకు రీజినల్ సెంటరు అవసరం లేదు. 65 దాటి ఉంటే వయసే చాలు, దాటకపోయినా పక్షవాతం చాలు. ఆవిడకూ మెడి-కాల్ కావాలి, అయితే ఆవిడ పెద్దవారు కాబట్టి మీ జీతాన్ని ఆవిడ ఆదాయంలో కలపరు. ఆవిడ ఆస్తి చూస్తారు. 2024, 2025లలో ఆ పరిమితి తీసేశారు, 2026 జనవరి నుంచి ఒక్కరికి 1,30,000 డాలర్ల పరిమితి మళ్లీ పెట్టారు. ఊళ్లో పొలం ఉంటే దాచకండి, దరఖాస్తులో అడిగినచోట రాయండి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే అత్తగారికి ఇది వస్తుందా అని నన్ను చాలామంది అడుగుతారు. రాదు, ఈ రాష్ట్ర నివాసి అయి ఉండాలి.

కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం లేదన్నారు. మనసు, మాట బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు కనిపెట్టుకుని ఉండే గంటలు రావు, ఎంత కదలలేకపోయినా రావు. ఆవిడకు వచ్చేవి పనుల గంటలు: మంచం మీద నుంచి లేపడం, బాత్రూముకు తీసుకెళ్లడం, స్నానం, చీర కట్టడం, జడ వేయడం, అన్నం కలిపి తినిపించడం, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లడం. అదే మీ నాన్నగారు కాళ్లూ చేతులూ బాగుండి, మతిమరుపుతో అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోయేవారైతే లెక్క తలకిందులయ్యేది, స్నానం గంటలు తక్కువ, కాపలా గంటలు ఎక్కువ. చీర కట్టడానికి పట్టే సమయం విడిగా చెప్పండి. మా కౌంటీలో ఒక సోషల్ వర్కర్ నైటీ తొడిగే సమయమే రాసుకుంటే, మా స్నేహితురాలు వాళ్లమ్మకు ఆవిడ ముందే చీర కట్టి చూపించింది. పెద్దవారికి ఇంటి పనులూ వస్తాయి. శుభ్రం చేయడానికి ఇంటి మొత్తానికి నెలకు ఆరు గంటలు, కానీ మీరు నలుగురు ఉన్న ఇల్లు కాబట్టి అది నాలుగు వాటాలు పడుతుంది. వంట కూడా అందరికీ కలిపి వండితే వాటానే. ఆవిడకు ఉప్పు, కారం లేకుండా విడిగా మెత్తగా వండుతుంటే అది విడి వంట అని చెప్పండి.

అమ్మగారిని ప్రశ్నలు అడిగేటప్పుడు మీరు అనువాదం చేయకండి. తెలుగు దుభాషిని ఉచితంగా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కౌంటీది, అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే అడగండి. కొడుకు ముందు ఏ తల్లీ బాత్రూము కష్టాలు చెప్పదు. ‘నాకేం, బాగానే ఉన్నాను నాయనా’ అంటుంది. మీరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్తారు. ఒకటి పడుతుంది.

రీజినల్ సెంటర్‌కు ఫోను చేశాక ఏం చెప్పారో రాయండి. ఎస్‌ఓసీ 821 డాక్టరు చేతికి వెళ్లేముందు మీ డైరీ చదివి పెడతాను.